అవిట్సోటల్ చావు: సిడ్నీ నుంచి క్రెయిగీబర్న్ దాకా

బందరులో బస్సు దిగినప్పటి నుంచి కనిపించిన ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న. "మాస్టారూ, కంగారూని చూశారా?" చూశాను. రోడ్డు పక్కన చచ్చి పడి ఉన్నవాటిని మూడింటిని, బతికి ఉన్నదాన్ని ఒక్కదాన్ని. ఆ బతికి ఉన్నది కూడా నన్ను పెద్దగా పట్టించుకోలేదు. కంగారూల గురించి చెప్పవలసింది ఇంతే కాబట్టి, ఇక నేను అసలు దేనికి వెళ్ళానో చెబుతాను.

నేను వెళ్ళింది ఒక తప్పు ఒప్పుకోవడానికి. దానికి అంత దూరం పోవాలా, ఒక ఉత్తరం ముక్క రాసి పడేస్తే చాలదా అని మా ఆవిడ అడిగింది. ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ "అక్కడ ఎండలు ఎట్లా ఉన్నవి" దగ్గరే ఆగిపోయింది.

సంగతి ఇదీ. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పాను. బి.ఏ. పిల్లలకు ప్రపంచ నాగరికతలని ఒక పేపరు ఉండేది. అందులో మెక్సికో దేశాన్ని ఏలిన అజ్టెక్కుల మీద ఒక పాఠం, ఆ పాఠంలో అవిట్సోటల్ అనే యోధుడైన రాజు పాలన మీద ఒక పది మార్కుల ప్రశ్న. మా రోజుల్లో పాఠం చెప్పడమంటే నోట్సు చెప్పడమే. నేను చదువుతుంటే ఎనభై పెన్నులు గీరుకుంటూ పోయేవి. పరీక్షలో ఆ నోట్సు కామాలతో సహా దింపినవాడికి పదికి ఎనిమిది. ఆ నోట్సు నాకిప్పటికీ నోటికి వచ్చు.

"అజ్టెక్ రాజులలో ఏడవవాడైన అవిట్సోటల్ మహా పరాక్రమశాలి. ఇతడు తూర్పు సముద్రము మొదలు పడమటి సముద్రము వరకు తన అధికారమును విస్తరింపజేసెను. రాజధానియందలి మహా దేవాలయమును పూర్తి గావించెను. చివరకు యుద్ధరంగమున శత్రువులతో పోరాడుచు వీరస్వర్గము నలంకరించెను."

ఆ చివరి వాక్యం నా సొంతం. నాకు పాఠం చెప్పిన మాస్టారి నోట్సులో ఆఖరి కాగితం చిరిగిపోయింది. యోధుడు కదా, యుద్ధంలోనే పోయి ఉంటాడని నేనే పూర్తి చేశాను. ఎవరూ అడగలేదు.

ఒక్క అమ్మాయి అడిగింది, అదీ నోటితో కాదు. ఇరవై ఏళ్ళ కిందటి మాట. సుగుణ అనే బి.ఏ. రెండో ఏడాది పిల్ల అర్ధ సంవత్సరం పరీక్షలో చివరి వాక్యం బదులు వేరేగా రాసింది. ఆ రాజు ఊరికి నీళ్ళు తెప్పించబోయి వరద తెచ్చిపెట్టాడట. ఆ వరదలో గదిలోంచి పరుగెత్తుతూ ద్వారబంధానికి తల కొట్టుకున్నాడట. ఆ దెబ్బ మానక కొంతకాలానికి పోయాడట. నేను ఆ పేపరు క్లాసులో పైకి చదివాను. ఎలా చదివితే పిల్లలు నవ్వుతారో నాకు తెలుసు, అలాగే చదివాను. "ఎక్కడిదమ్మా ఇది?" అన్నాను. "లైబ్రరీ పుస్తకంలో చూశానండి" అంది. "మార్కులు వేసేది లైబ్రరీయా, నేనా?" అన్నాను. నా ఎర్ర పెన్ను ఆమె చేతికిచ్చి, అందరి ముందూ ఆ వాక్యాలు ఆమె చేతనే కొట్టించాను. ఆ పుస్తకం కూడా లాక్కుని నా బీరువాలో పడేశాను.

రిటైరైనప్పుడు నో డ్యూస్ సర్టిఫికెట్ కోసం బీరువా ఖాళీ చేస్తుంటే ఆ పుస్తకం బయటపడింది. వెనక అంటించిన చీటీ మీద ఒకే ఒక్క తేదీ ముద్ర. లోపల రెండు పేజీల అంచున సన్నటి పెన్సిలు గీత. అక్కడ వరదా ఉంది, ద్వారబంధమూ ఉంది. జబ్బు చేసి పోయాడని చెప్పేవాళ్ళూ ఉన్నారని ఉంది. యుద్ధం మాత్రం ఎక్కడా లేదు. పుస్తకమంతా చదివానని చెప్పను. ఆ రెండు పేజీలు చదివి మూశాను. ముప్ఫై ఏళ్ళ పాటు ఏడాదికి ఎనభై మంది చేత నేను ఆ రాజును యుద్ధంలో చంపించాను.

సిడ్నీలో ఉన్న మా తమ్ముడి కొడుకు ఒకసారి వచ్చి వెళ్ళమని టికెట్టు పంపినప్పుడు, సుగుణ కూడా ఆ దేశంలోనే మెల్‌బోర్న్ దగ్గర ఉందని పాత విద్యార్థుల ద్వారా తెలిసింది. వస్తున్నానని రాశాను. "సిడ్నీ నుంచి మీరు మళ్ళీ విమానం ఎక్కొద్దు సార్. స్కూలు సెలవుల్లో మేమే కారులో వచ్చి తీసుకెళ్తాం" అని జవాబు వచ్చింది. తొంభై ఒకటో సంవత్సరం, ఏప్రిల్ నెల. మనకు వేసవి, వాళ్ళకు ఆకురాలే కాలం.

సిడ్నీ

కారు దిగుతూనే సుగుణ వీధిలో, పేవ్‌మెంటు మీద, వంగి నా కాళ్ళకు దండం పెట్టింది. ఎదురింటి తెల్లాయన చెట్లకు నీళ్ళు పోస్తున్నవాడల్లా గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నీళ్ళు ఆయన బూటులో పడుతున్నాయి. "లేమ్మా, లేమ్మా" అని నేను వెనక్కి జరిగాను. ఇరవై ఏళ్ళలో జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, చేతులు కట్టుకుని నిలబడే తీరు మాత్రం మారలేదు.

"మా గురువుగారు" అని భర్తకు పరిచయం చేసింది. "హిస్టరీ అంటే నాకు సార్ తర్వాతే ఎవరైనా." ఆ మాట వినగానే నేను మూట కట్టుకుని తెచ్చుకున్న వాక్యం అక్కడే ముడి పడిపోయింది.

భర్త ప్రభాకర్‌ది గుడివాడ దగ్గర. ట్రాముల షెడ్డులో ఎలక్ట్రికల్ ఇంజనీరు. నోట్లో సగం తెలుగు, సగం ఇంగ్లీషు, రెండూ కృష్ణా జిల్లావే. కూతురు రూత్‌కు పన్నెండేళ్ళు, అక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. పెద్దవాళ్ళను అంకుల్ అనాలని నేర్పారు, అమ్మ నన్ను సార్ అంటోంది. పిల్ల కాసేపు ఆలోచించి రెండూ కలిపి "సర్ అంకుల్" అని పిలవడం మొదలుపెట్టింది. వెళ్ళేదాకా నా పేరు అదే.

ముందు సీటు నాకిచ్చారు. బెల్టు నేను భుజాన ఉత్తరీయంలా వేసుకుని కూర్చున్నాను. పావుగంట తర్వాత వెనక సీట్లోంచి రూత్ చెప్పింది, అది పెట్టుకోవడం అలా కాదని, పోలీసులు పట్టుకుంటారని. సుగుణ "ఏయ్, సార్‌కి అలా చెప్పకూడదు" అని గసిరింది. ఆమె మొదటి నుంచీ చూస్తూనే ఉందని అప్పుడర్థమైంది. నేను తప్పుగా కట్టుకున్నానని తెలిసీ నోరు మెదపలేదు.

హెలెన్స్‌బర్గ్

వాళ్ళు ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనుషులు. గుడికి వెళ్దామని నేను ఎలా అడగాలా అని చూస్తుంటే సుగుణే అంది. "ఇంత దూరం వచ్చి స్వామిని చూడకుండా పోతారా సార్? దారేగా."

హెలెన్స్‌బర్గ్ అంటే అడవిలో చిన్న ఊరు. కారు లేనివాడికి దేవుడు దొరకడు. యూకలిప్టస్ చెట్ల మధ్య నుంచి మలుపు తిరిగేసరికి ఎదురుగా తెల్లటి గోపురం. చెట్ల మీద ఏదో పిట్ట మనిషి పగలబడి నవ్వినట్టే నవ్వుతోంది. లోపల పది మంది కూడా లేరు. స్వామి ముందు అంత ఖాళీగా నిలబడటం నాకు అలవాటు లేదు. వెనక నుంచి ఎవరూ తోయకపోతే ఏం కోరుకోవాలో తోచలేదు. అర్చకస్వామి గోత్రం అడిగి, తొందరేం లేదన్నట్టు నిలబడ్డారు. చివరకు ఒకటే కోరుకున్నాను. ఆ పిల్లతో ఆ మాట చెప్పే ధైర్యం ఇమ్మని.

బయటికి వస్తే సుగుణ నా చెప్పులు నేను తొడుక్కోవడానికి వీలుగా తిప్పి పెట్టి ఉంది. ఇక ధైర్యం ఎక్కడిది? వంటశాల పక్కన నలుగురం కూర్చుని పులిహోర తిన్నాం. వడ్డించిన తమిళావిడ ఆవాలు కాస్త ఎక్కువ వేసింది గానీ చింతపండు మనదే. కాఫీ డాలరు. రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకున్నాను. "సార్, మార్చకండి. మారిస్తే ఇక్కడ ఏమీ తినలేరు" అన్నాడు ప్రభాకర్. ఆ సలహా మొదటి రోజే విని ఉంటే నేను రెండు కిలోలు తగ్గకుండా వచ్చేవాణ్ణి.

ప్రసాదం కింద అరకొబ్బరి చిప్ప, అరటిపళ్ళ అత్తం ఇచ్చారు. సంచిలో పెట్టుకున్నాను.

కాన్‌బెర్రా

ఆ దేశపు రాజధాని మన కలెక్టరేటు ఆదివారం ఎలా ఉంటుందో వారమంతా అలాగే ఉంటుంది. ఊరి మధ్య పెద్ద చెరువు, అదీ మనుషులు తవ్వి నింపుకున్నదే. గట్టున గడ్డిలో కూర్చుని చపాతీలు తింటుంటే నాలుగు గోరింకలు వచ్చాయి. నా ప్రాణం లేచొచ్చింది. "మన పిట్టలే!" అని ముక్క విసరబోయాను.

దగ్గర్లో గడ్డి కోస్తున్న ముసలాయన యంత్రం ఆపి మరీ వచ్చాడు. వాటికి పెట్టొద్దన్నాడు. మా పిట్టలని చెప్పాను. "తెలుసు. మీరేం పంపలేదు, మావాళ్ళే తెచ్చుకున్నారు, పురుగుల్ని తింటాయని. ఇప్పుడివి మా చిలకల్ని గూళ్ళలోంచి తరిమేస్తున్నాయి" అన్నాడు. కోపంగా కాదు, మన ఇంటి కోడి ఆయన పెరట్లో పడిందని చెప్పినట్టు చెప్పాడు. తర్వాత కూర్చుని మా చపాతీ ఒకటి తిన్నాడు. కారం తగలగానే టోపీ తీసి విసురుకున్నాడు.

ఆయన వెళ్ళాక సుగుణ అంది. "అవిట్సోటల్ కూడా ఇదే చేశాడు కదా సార్."

నా చేతిలో చపాతీ ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పేరు ఆమె నోట వినడం అదే మొదలు.

"దూరం నుంచి నల్లపిట్టల్ని తెప్పించి రాజధానిలో వదిలాడు. వాటి మీద ఎవరూ రాయి వెయ్యకూడదన్నాడు. తర్వాత అవి ఊరంతా నిండిపోయాయి. మీ క్లాసులోనే విన్నట్టు గుర్తండి."

నా క్లాసులో వినలేదు. నాకు ఆ సంగతే తెలియదు. తనకు తెలిసినదాన్ని కూడా నా ఖాతాలో వేస్తోంది. నేను తల ఊపాను, తెలిసినవాడిలా.

ఆమె చెరువు వైపు చూస్తూ ఉంది. ప్రభాకర్, రూత్ గట్టు మీద దూరంగా నడుస్తున్నారు. "మా నాన్న కాలవ లస్కరు సార్, మీకు తెలుసో లేదో" అంది. తెలియదు. ఎనభై మందిలో ఎవరి నాన్న ఏం చేస్తాడో నేనెప్పుడూ అడగలేదు. కాలవ గట్టు మీద తిరిగి నీటి మట్టం చూసేవాడు, లాకుల దగ్గర షట్టర్లు ఎత్తి దించేవాడు లస్కరు.

"ఒక వానాకాలం గట్టంతా తిరిగొచ్చి పైవాళ్ళకి చెప్పాడంట, ఫలానా చోట గండి పడుద్దండీ అని. 'నువ్వేమన్నా ఇంజనీరువా' అన్నారంట. నాలుగు రోజులకి అక్కడే పడింది. మా ఇల్లు కూడా పోయింది. నాన్న మాత్రం 'నేను చెప్పాను' అని ఒక్కసారి కూడా అనలేదు సార్, ఎవరితోనూ."

గడ్డిపోచ ఒకటి తెంపి అంది. "ఆ పుస్తకంలో పక్క ఊరి దొర ఒకాయన ఉంటాడు కదండీ. మా ఊరి ఊటనీళ్ళ జోలికి పోవద్దు, మీ ఊరు మునుగుద్ది అని అవిట్సోటల్‌కి చెప్పినాయన. చెప్పినందుకు ఆయన్ని చంపించేశాడు. ఆ పేజీ చదివితే నాకు మా నాన్నే గుర్తొచ్చాడు. అందుకే..." అని నా మొహం చూసి ఆపేసింది. "సారీ సార్. మీకు తెలియంది ఏముంది."

ఆ పెన్సిలు గీత ఎందుకు గీసిందో అప్పుడు తెలిసింది. సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, నీళ్ళు ఊరి మీద పడితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆ పేపరులో నాకు నా నోట్సులో లేని వాక్యం తప్ప ఇంకేమీ కనపడలేదు. చెప్పడానికి నోరు తెరిచాను. "సార్, చీకటి పడకముందే గండగై చేరాలండి, స్టార్ట్ అవుదామా?" అని ప్రభాకర్ కేకేశాడు. నిజం చెప్పొద్దూ, ఆ కేక విని నాకు హాయిగా అనిపించింది.

గండగై

గండగైలో రాత్రి బస. మర్నాడు పొద్దున దుకాణంలో నాకోసం కూరగాయల కజ్జికాయలాంటిది కొన్నారు. పైన టమాటా సాసు పోశారు. దాన్ని నా కొత్త చొక్కా తిన్నది. మార్చుకుని వచ్చేసరికి సుగుణ బల్ల మీద కాగితాల కట్ట పెట్టుకుని దిద్దుతోంది. ఆమె అక్కడి హైస్కూల్లో చరిత్ర చెబుతుంది. సెలవుల్లోనూ పేపర్లు వదలవు, ఆ విషయంలో రెండు దేశాలూ ఒకటే.

పైనున్న కాగితం చూశాను. ఎవరో పిల్లాడు మొదటి వాక్యంలోనే "మా టీచరు చెప్పినదానితో నేను ఏకీభవించను" అని మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. సుగుణ దాని పక్కన ఆకుపచ్చ పెన్నుతో రాసింది: బాగుంది, ఎక్కడ చదివావో నాకు చూపించు.

"ఎర్ర పెన్ను వాడవా?" అని అడిగాను.

"వాడనండి" అంది. తలెత్తలేదు. తర్వాతి కాగితం తీసుకుంది.

ఆల్బరీ

రెండు రాష్ట్రాల సరిహద్దు నది దగ్గర ఉంటుంది. దానికి ముందు రోడ్డు పక్కన పెద్ద బోర్డు, దాని కింద పెద్ద డబ్బా. పళ్ళేవైనా ఉంటే అందులో పారేసి పోవాలట. పళ్ళలో ఉండే ఈగ అవతలి తోటలను పాడుచేస్తుందట. నా సంచిలో హెలెన్స్‌బర్గ్ అరటిపళ్ళు.

"ప్రసాదం చెత్తడబ్బాలో వేస్తానా?" అన్నాను.

ప్రభాకర్ తల గోక్కున్నాడు. "మరి తీసుకెళ్ళకూడదండి సార్. రూల్."

"ఒక పని చేద్దాం. తినేద్దాం" అన్నాను.

ఆరు పళ్ళు. గండగైలో అప్పుడే తిని ఉన్నాం. ఎండలో, లారీలు పోతుంటే, డబ్బా పక్కన నిలబడి తిన్నాం. సుగుణ తన వంతు పండును రెండు చేతులతో అందుకుని, కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుని తింది. వేంకటేశ్వరస్వామి ఏమీ అనుకోలేదనే నా నమ్మకం. మిగిలిన రెండూ నా వాటా అయ్యాయి. మరో నాలుగు గంటలు నేను అరటిపండు తప్ప ఇంకేమీ తలచుకోలేకపోయాను.

భార్యాభర్తలు చేతులు కడుక్కోవడానికి కారు వెనక్కి వెళ్ళారు. రూత్ తొక్కలు డబ్బాలో వేసి వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఆ పిల్ల చూపు తిన్నగా ఉంటుంది, మన పిల్లల్లా నేల మీద ఉండదు.

"సర్ అంకుల్, మమ్‌కి ఒక టీచర్ ఉండేవాడు. రైట్ ఆన్సర్ రాస్తే క్లాస్ ముందు క్రాస్ అవుట్ చేయించాడు. రెడ్ పెన్‌తో" అంది. అప్పుడప్పుడూ కష్టపడి తెలుగు కలుపుతుంది. "వాజ్ దట్ యూ?"

నువ్వేనా అని అడుగుతోంది. ఔననడానికి ఒక్క క్షణం చాలు. నేను దూరంగా నీళ్ళ సీసా పట్టుకుని నవ్వుతున్న సుగుణను చూశాను.

"కాదమ్మా" అన్నాను. "అది వేరే మాస్టారు."

"ఓకే" అంది రూత్. వెంటనే నమ్మింది. అదే నాకు ఎక్కువ బాధ. "హి సౌండ్స్ హారిబుల్."

"అవునమ్మా" అన్నాను. "చాలా ఘోరమైన మనిషి."

తప్పు ఒప్పుకోవడానికి బయల్దేరినవాణ్ణి సగం దారిలో దాని మీద అబద్ధం కూడా పేర్చాను. కారులో మెల్‌బోర్న్ వైపు ఎండిన పచ్చిక బయళ్ళు, గొర్రెల మందలు వెనక్కి పోతున్నాయి. రూత్ నాకు వాటి పేర్లూ, రకాలూ చెబుతోంది. నాతో స్నేహం చేసుకుంది. నేను ఆ ఘోరమైన మనిషిని కాదు కదా.

క్రెయిగీబర్న్

మెల్‌బోర్న్ ఇంకా అరగంట ఉందనగా వాళ్ళ ఊరు. ఒక వీధిలో కొత్త ఇళ్ళు, పక్క వీధిలో ఇంకా గడ్డి. ప్రహరీగోడలు లేవు, వాకిట్లో ముగ్గులూ లేవు, మనుషులు ఇళ్ళలో ఉన్నారో లేదో తెలియదు. మా బందరులో వీధి అరుగు మీద కూర్చుంటే పది నిమిషాల్లో ఊరి వార్తలన్నీ తెలుస్తాయి. ఇక్కడ రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చుంటే ఒక పిల్లి సంగతి తెలిసింది.

ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళకు తెలిసిన తెలుగువాళ్ళను పిలిచారు. నాలుగు కుటుంబాలు. ముగ్గురు గుంటూరు, కృష్ణా జిల్లాల చర్చి మనుషులు, ఒకరు హైదరాబాద్ నుంచి వచ్చి అక్కడ మందుల దుకాణంలో పనిచేస్తున్న ఖాదర్ గారు. పెరట్లో ప్రభాకర్ ఇనప పొయ్యి మీద మాంసం కాలుస్తున్నాడు, దాన్నక్కడ బార్బీ అంటారు. నాకోసం ఒక మూల మొక్కజొన్న పొత్తులు, వంకాయలు, వాటికి వేరే పట్టకారు. హలాల్ మాంసం ఖాదర్ గారే తెచ్చి ఇంకో మూల కాలుస్తున్నారు. ఒకే పొయ్యి మీద మూడు మతాలు వేగాయి, పొగ మాత్రం అందరి కళ్ళలోనూ సమానంగా పడింది.

తిన్నాక సుగుణ లేచి నిలబడింది. "సార్ ఇవాళ మనకి ఒక పాఠం చెప్తారు. నేను అడిగానని కాదనరు." నా పెట్టెలోంచి పాత నోట్సు పుస్తకం తెచ్చి నా చేతికిచ్చింది. నేను దాన్ని వెంట తెచ్చుకున్నానని బట్టలు సర్దేటప్పుడు చూసిందట. ఇచ్చేముందు కళ్ళకద్దుకుంది. "అవిట్సోటల్ చెప్పండి సార్. అదే నోట్సు, అదే గొంతు."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చదివాను. నా గొంతు పాత దారి పట్టేసింది. మహా పరాక్రమశాలి అన్నాను, తూర్పు సముద్రము మొదలు పడమటి సముద్రము వరకు అన్నాను. మహా దేవాలయం తెరిచిన రోజు అక్కడ ఎంతమంది బందీల్ని బలి ఇచ్చారో నోట్సులో లేదు, అదీ చెప్పాను. సరైన లెక్క ఎవరికీ తెలియదు గానీ మెట్ల మీద నెత్తురు పారిందంటారు. అందరూ వింటున్నారు. రూత్ గడ్డిలో నా కాళ్ళ దగ్గర కూర్చుంది. చివరి వాక్యం దగ్గరికి రాగానే పుస్తకం మూశాను.

ఖాదర్ గారు ముందుకు వంగారు. "మాస్టర్ సాబ్, ఆఖరికి ఎట్ల సచ్చిండు ఆ రాజు? జంగ్‌లనేనా?"

"యుద్ధంలో కాదండి" అన్నాను. "ఈ పుస్తకంలో జంగ్‌లోనే అని ఉంది. అది నేను కల్పించి రాసింది."

చెప్పాను. అంతా చెప్పాను. ఊటను ఊరికి మళ్ళించాలన్న రాజు, వద్దన్న దొర, ఆయన చావు, వరద, ద్వారబంధం. ఆ తర్వాత ఇంకో రాజు కథ చెప్పాను. వాడికి రాజ్యం ఎనభై మంది పిల్లల క్లాసు. వాడికి నిజం చెప్పినామె కాలవ లస్కరు కూతురు. ఆమెను వాడు నలుగురి ముందు నిలబెట్టి నవ్వించాడు. ఆమె రాసిన నిజాన్ని ఆమె చేతనే కొట్టించాడు. "ఆ అమ్మాయి ఇదుగో, ఇక్కడే నిలబడి ఉంది. ఆ పని చేసింది నేనే. క్షమించమ్మా సుగుణా" అన్నాను.

పొయ్యి మీద ఏదో మాడుతోంది, ఎవరూ కదల్లేదు. సుగుణ రెండు చేతులూ ఊపేసింది. "అయ్యో, అవన్నీ ఇప్పుడెందుకు సార్? నాకసలు గుర్తే లేదండి."

"మమ్!" అని రూత్ అరిచింది. "యూ టెల్ ఎవ్రీవన్!"

అందరూ నవ్వారు, సుగుణ తప్ప. ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది, చాలాసేపు తుడిచింది. రూత్ నా వైపు తిరిగింది. ఆ పిల్ల నవ్వడం లేదు. వేరే మాస్టారన్నావుగా అని అడిగింది, ఇంగ్లీషులో, మెల్లగా.

"అబద్ధం చెప్పానమ్మా. నీ మొహం చూస్తే భయమేసింది."

జేబులోంచి ఎర్ర పెన్ను తీశాను. అది ఇప్పటికీ నా జేబులోనే ఉంటుంది. చివరి వాక్యం మీద పుస్తకం తెరిచి సుగుణ వైపు చాచాను. "నువ్వే కొట్టెయ్యి" అన్నాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకు చేతులు రావు సార్" అంది. రూత్‌కు ఇచ్చాను. పిల్ల పెన్ను చూసింది, నన్ను చూసింది, తల అడ్డంగా ఊపింది.

"నో. మమ్ హ్యాడ్ టు డూ హర్స్ హర్‌సెల్ఫ్."

అమ్మది అమ్మే కొట్టేసుకుంది కదా అంటోంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అంతమంది చూస్తుండగా, నా వీరస్వర్గాన్ని నేనే కొట్టేశాను. ఒక్క గీత చాలేది. రెండు గీశాను. అప్పుడు తెలిసింది ఆ పిల్లకు ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో, అదీ కొంచెమే, ఎందుకంటే నేను కొట్టేసింది అబద్ధాన్ని.

సుగుణ దగ్గరికి వచ్చింది. నా భుజం మీదుగా వంగి పేజీ మొత్తం చూసింది, పై నుంచి కింది దాకా.

"సార్" అంది.

"చెప్పమ్మా."

"మొదటి లైను కూడా తప్పేనండి. ఏడో రాజు కాదు. ఎనిమిదో రాజు."

నేను వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. నాకు పేర్లు కూడా సరిగా రావు. "అప్పుడే తెలుసా నీకు?"

"తెలుసండి."

"మరి పేపరులో రాయలేదేం?"

"ఒకే పేపరులో మిమ్మల్ని రెండుసార్లు కాదనడానికి ధైర్యం చాల్లేదు సార్. ఏది ముఖ్యమా అని ఆలోచించి, ఒక్కటే రాశాను."

ఎర్ర పెన్ను మళ్ళీ ఆమె వైపు చాచాను. ఈసారి తీసుకుంది.